మందు కలిపే చేతికి ఏ గ్లౌజు?

ఖమ్మం జిల్లా నుంచి ఒక మహిళా రైతు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 46. సొంతానికి రెండెకరాలు, కౌలుకు ఇంకో రెండు, అంతా మిర్చే. నల్ల తామర పురుగు పడ్డప్పటి నుంచి వారం తిరక్కుండా ఏదో ఒక మందు కొట్టక తప్పడం లేదు. తైవాన్ పంపు వీపున వేసుకునేది ఆమె భర్త, ఒక కూలీ. డ్రమ్ము దగ్గర నిలబడి మందు కొలిచి, కలిపి, పంపులు నింపేది మాత్రం ఆమే. వాడే మందుల పేర్లన్నీ సీసాల మీద చూసి రాసి పంపారు: ప్రొఫెనోఫాస్ 50 ఈసీ, లాంబ్డా సైహలోత్రిన్ 5 ఈసీ, ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్ఎల్, ఎమామెక్టిన్ 5 ఎస్‌జీ, మాంకోజెబ్ 75 డబ్ల్యూపీ, గట్ల మీద గడ్డికి పారాక్వాట్ 24 ఎస్ఎల్.

మూడేళ్ల కిందట ఆమెకు వేళ్ల కొసలు మండటం మొదలైంది. తర్వాత చర్మం పొరలు పొరలుగా లేచింది, కుడిచేతి గోళ్లు పసుపు రంగుకు తిరిగాయి. మందుల షాపులో ఇచ్చిన పల్చటి నీలం గ్లౌజులు రెండో డ్రమ్ముకల్లా సాగిపోయి వేళ్లకు అతుక్కుంటున్నాయి. పోయిన ఏడాది గిన్నెలు తోముకునే నారింజ రంగు రబ్బరు గ్లౌజులు కొన్నారు. లోపల దూదిలాంటి మెత్త ఉన్నవి. సీజనంతా అవే వాడారు. చేతులు బాగుపడకపోగా మణికట్టు దాకా దద్దుర్లు వచ్చాయి. "చూశావా, గ్లౌజులేసుకుంటేనే ఎక్కువైంది. ఉత్త చేత్తో కలిపి కడుక్కుంటే పోయేది కదా" అని భర్త అంటున్నారు. చర్మ డాక్టరు గ్లౌజులు వాడమన్నారు, ఏవో చెప్పలేదు. కూలీ అసలు వేసుకోనంటున్నాడు. పట్నంలో బండ్లకు పెయింటింగ్ చేసే కొడుకు కూడా అవే నీలం గ్లౌజులతో థిన్నర్‌లో స్ప్రే గన్ను కడుగుతాడట, అతని చేతులూ పగిలి ఉంటాయట. "ఏ గ్లౌజులు కొనాలి? కొనడం దండగా? ఈ పని నేను మానుకోవాలా?" అని అడుగుతున్నారు.

అమ్మా, ముందు మీ ఆయన మాట దగ్గరే మొదలుపెడతాను. ఆయన చూసింది నిజం. ఆ నారింజ గ్లౌజులు వేసుకున్నాకే మీ చేతులు ఎక్కువ పాడయ్యాయి. దాన్నిబట్టి ఆయన తేల్చుకున్నది మాత్రం సరికాదు. తప్పు గ్లౌజు వేసుకోవడంలో లేదు, ఆ మందుకు ఆ గ్లౌజు తగకపోవడంలో ఉంది.

ఇంగువను పాలిథిన్ కవర్లో మూట కట్టి అల్మారాలో పెట్టి చూడండి. కవరుకు చిల్లుండదు, ముడి ఊడదు, అయినా మర్నాటికి అల్మారా అంతా ఇంగువ వాసనే. గ్లౌజులో జరిగేదీ అదే. చిరగనక్కర్లేదు, చిల్లు పడనక్కర్లేదు. మందును కరిగించిన సాల్వెంటు రబ్బరులోకి ఇంకి, మందును వెంటబెట్టుకుని లోపలి వైపు తేలుతుంది. పైకి చూస్తే గ్లౌజు నిక్షేపంగా ఉంటుంది.

మీ నారింజ జత మామూలు రబ్బరు. సీసా మీద ఈసీ అని రాసి ఉన్న మందుల్లో ఎక్కువగా జైలీన్ లాంటి పెట్రోలియం సాల్వెంట్లు ఉంటాయి. అవి మామూలు రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. లోపలికి వచ్చిన మందును ఆ దూది మెత్త పీల్చుకుంది. మీరు పైన కడిగి ఆరేశారు గానీ మెత్తలోది ఎక్కడికీ పోలేదు. మర్నాడు మళ్లీ అదే తొడిగారు. లోపల చెమట, వేడి, గాలి తగలని చర్మం. పసరు కట్టు కడితే పసరు ఎలా ఒంట్లోకి పడుతుందో, అలా సీజనంతా చేతులకు పురుగుమందు కట్టు కట్టుకున్నట్టయింది. లోపలికి మందు చేరిన గ్లౌజు ఉత్త చేతికన్నా కీడు చేస్తుంది. ఉత్త చేతిమీద పడితే కనీసం కనబడుతుంది, కడుక్కుంటాం.

అందుకని గ్లౌజు ఎంచుకునేటప్పుడు మందు ఎంత విషమో ఒక్కటే చూస్తే చాలదు. ఆ మందును దేంట్లో కరిగించారో చూడాలి. అది సీసా మీదే ఉంటుంది, పేరు పక్కన అంకె, దాని పక్కన అక్షరాలు. ఈసీ అంటే మందు సాల్వెంట్‌లో కరిగి ఉంది, నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడుతుంది. ఈ రకానికే గ్లౌజు సరిగ్గా కుదరాలి. ఎస్‌జీ, డబ్ల్యూజీ అంటే గుళికలు, డబ్ల్యూపీ అంటే పొడి, ఎస్‌సీ అంటే నీళ్లలో తేలియాడే చిక్కటి మందు. వీటికి నీళ్లు చొరని, లోపల బట్ట లేని గ్లౌజు ఏదైనా చాలావరకు ఆగుతుంది. ఎస్ఎల్ నీళ్లలో ఇట్టే కలిసే ద్రవం. మీ పారాక్వాట్ నీళ్లలో కరిగి ఉండేదే, కానీ కొన్ని ఎస్ఎల్ మందుల్లో వేరే సాల్వెంట్లు కూడా ఉంటాయి. ఏది ఏమిటో లేబుల్ మీద తేలదు కాబట్టి, కలిపే చోట ఎస్ఎల్‌ను కూడా ఈసీ కిందే లెక్కేసుకోండి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మీ జాబితాలో లోపలికి వెళ్తే ప్రాణం మీదికి తెచ్చేది పారాక్వాట్. దానికి విరుగుడు లేదు. అయినా దాన్ని చేతికి తగలకుండా ఆపడం సులభం, మెత్త లేని మంచి రబ్బరు గ్లౌజు చాలు. ప్రొఫెనోఫాస్ 50 ఈసీని ఆపడమే కష్టం. అయితే చేతిమీద పగుళ్లున్నప్పుడు పారాక్వాట్ సీసా ముట్టనే వద్దు. దెబ్బతిన్న చర్మం గుండా అది ఒంట్లోకి పోతుంది. గోళ్ల రంగు మారడం, గోళ్లు ఊడటం కూడా చిక్కటి పారాక్వాట్ పదే పదే తగిలిన చేతుల్లో కనిపించేదే. మీ పసుపు గోళ్ల గురించి డాక్టరుకు చెప్పేటప్పుడు ఆ సీసా పేరు తప్పక చెప్పండి.

ఇప్పుడు మీరు చేసే పని ఎలాంటిదో చూద్దాం. లీటరుకు 2 మిల్లీలీటర్ల లెక్కన 200 లీటర్ల డ్రమ్ముకు 50 ఈసీ మందు 400 మిల్లీలీటర్లు పడుతుంది. సీసాలో ఉన్నది సుమారు సగం మందే. డ్రమ్ములో కలిపాక నూటికి 0.1 పాలు. అంటే సీసాలోది డ్రమ్ములో దానికన్నా 500 రెట్లు చిక్కన. మూత తీసేటప్పుడు మీ బొటనవేలి మీద ఒక్క మిల్లీలీటరు ఒలికితే, మీ ఆయన చేతిమీద అరలీటరు కలిపిన మందు పోసినట్టు. పైగా సీసాలో దానికి సాల్వెంటు తోడు. పొలమంతా తిరిగి కొట్టేవాళ్లకే ప్రమాదం, డ్రమ్ము దగ్గర నిలబడేవాళ్లకు కాదు అని ఇంట్లో అనుకుంటూ ఉంటారు. చేతుల వరకు అది తలకిందుల మాట. ఒక్క మంచి జతకే డబ్బులుంటే అది మీ చేతులకే రావాలి.

ఆ నీలం గ్లౌజులు ఎందుకు సాగుతున్నాయంటే, అవి డాక్టర్లు ఒక్కసారి వాడి పారేసేవి. రకం మంచిదే, చాలావరకు నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరే, కానీ మందం 0.1 మిల్లీమీటరు అటూ ఇటూ. మందం రెట్టింపైతే సాల్వెంటు ఇవతలికి రావడానికి పట్టే కాలం ఉజ్జాయింపుగా నాలుగింతలవుతుంది. 0.1 నుంచి దాదాపు 0.4కు పోతే పదిహేనింతలకు దగ్గర. పల్చటిది నిమిషాల్లో చేతులెత్తేస్తుంది. ఉబ్బి, సాగి, వేలికి అతుక్కుందంటే అప్పటికే సాల్వెంటు రబ్బరు నిండా ఉన్నట్టు. పైగా గ్లౌజుల డబ్బా మీద వేసే నిమిషాల లెక్క 23 డిగ్రీల గదిలో కట్టింది. మన మధ్యాహ్నపు ఎండలో, చేతి వేడిలో అది ఇంకా తగ్గుతుంది.

మీరు కొనాల్సింది మందపాటి నైట్రైల్ గ్లౌజు. మందం 15 మిల్, అంటే 0.38 మిల్లీమీటర్లు. పొడవు 13 అంగుళాలు, మణికట్టు దాటి ముంజేతిని కప్పాలి. ఎక్కువగా ఆకుపచ్చ రంగులో వస్తాయి, రంగును నమ్మకండి, మీద రాసింది చదవండి. లోపల బట్ట గానీ దూది మెత్త గానీ ఉండకూడదు. షాపులో ఎక్కువగా చూపించేవి మెత్త ఉన్నవే, తొడగడానికి సుఖంగా ఉంటాయని. వేలు పెట్టి తడిమి చూసి, మెత్త లేనివే అడగండి. అరచేతికి మాత్రం రబ్బరు పూసి, వెనక వైపు అల్లిక బట్ట వదిలేసిన తోటపని గ్లౌజులు ఈ పనికి అస్సలు వద్దు.

సైజు తెలుసుకోవడం తేలిక. బొటనవేలు వదిలేసి అరచేయి చుట్టూ టేపు పెట్టండి. 7 అంగుళాలొస్తే 7వ సైజు, 8 అయితే 8. షాపుల్లో మగవాళ్ల 9, 10 సైజులే ఎక్కువ దొరుకుతాయి. పెద్దది తీసుకుంటే వేళ్ల చివర ఖాళీగా వేలాడి సీసా మూత పట్టు చిక్కదు, చిరాకేసి తీసేస్తారు.

డబ్బా మీద గాజు కుప్పె బొమ్మ, దాని కింద ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. ఐఎస్ఓ 374 ప్రమాణం గుర్తు అది. ఒక్కో అక్షరం ఒక్కో రసాయనం. జె అంటే హెప్టేన్, కిరోసిన్ తరహా నూనెలకు దగ్గరిది. ఎఫ్ అంటే టోలిన్, మీ ఈసీలోని జైలీన్‌కు దాయాది. బి అంటే అసిటోన్. మందపాటి నైట్రైల్ మీద జె దాదాపు ఎప్పుడూ ఉంటుంది, ఎఫ్, బి సాధారణంగా ఉండవు. పురుగుమందుల కోసమే ఐఎస్ఓ 18889 అని 2019లో వేరే ప్రమాణం వచ్చింది. అందులో జి1 గుర్తు కలిపిన మందుకు, జి2 చిక్కటి మందుకు, జిఆర్ మందు కొట్టి ఆరాక చేలో పనిచేసేవాళ్లకు. జి2 గుర్తున్నది దొరికితే ఇక ఆలోచించకుండా తీసుకోండి. పురుగుమందుల షాపుల్లో ఇవి అరుదు. ఫ్యాక్టరీ సేఫ్టీ సామాన్లు అమ్మే షాపుల్లో అడగాలి. ఖమ్మంలో కుదరకపోతే హైదరాబాద్ వెళ్లేవాళ్లెవరైనా ఉంటే రాణీగంజ్‌లో తెప్పించుకోండి. రెండు జతలు తీసుకోండి, ఒకటి ఆరుతుంటే ఒకటి వాడుకోవచ్చు.

ఎఫ్ ఉండదని ఇందాక చెప్పాను కదా, దాని సంగతి దాచను. మందపాటి నైట్రైల్ కూడా జైలీన్‌లో ముంచి ఉంచితే గంట ఆగకపోవచ్చు. కానీ మీరు చేతిని ముంచరు. ఒకటో రెండో చుక్కలు పడతాయి. పడ్డ వెంటనే కడిగితే అదే గ్లౌజు కొన్ని రోజులు కాపాడుతుంది. కడగకుండా అలాగే పనిచేసుకుపోతే, మధ్యాహ్నం తీసి గట్టు మీద పెట్టినా సరే, రబ్బరులో దిగిన సాల్వెంటు ఆగదు. రాత్రంతా ప్రయాణం చేసి పొద్దునకు లోపలి వైపు ఉంటుంది.

కాబట్టి డ్రమ్ము పక్కన ఒక బకెట్ సబ్బు నీళ్లు, ఒక బకెట్ మంచినీళ్లు పెట్టుకోండి. గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. ముందు డ్రమ్ము సగం నీళ్లు నింపండి. సీసా మూత కింద ఉండే రేకు సీలును పంటితోనో వేలితోనో కాదు, చిన్న కత్తి మొనతో చీల్చండి. సీసా మూతతో కొలవడం మానేయండి. మూత పట్టుకునే రెండు వేళ్లకే మందంతా అంటుతుంది, మీకు వేళ్ల కొసలు ముందు మండటానికి అది ఒక కారణం కావచ్చు. పిడి ఉన్న ప్లాస్టిక్ కొలత జగ్గు వాడండి, ముఖానికి దూరంగా, నడుము ఎత్తులో పోయండి. జగ్గును మూడుసార్లు నీళ్లతో కడిగి ఆ నీళ్లు డ్రమ్ములోనే పోయండి. ఖాళీ అయిన సీసానూ అంతే. చేత్తో కలిపే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. మీటరు పొడవు కర్ర ఒకటి దీనికే కేటాయించండి. చివరగా గ్లౌజులు చేతికి ఉండగానే సబ్బు నీళ్లలో రెండు చేతులు రుద్ది, మంచినీళ్లతో కడగండి. ప్రతి డ్రమ్ముకూ ఇది చేయాలి, సాయంత్రం ఒక్కసారే కాదు.

తీయడంలో చాలామంది పొరపాటు చేస్తారు. ముందు కడగాలి, తర్వాతే తీయాలి. ఉత్త చేత్తో గ్లౌజు బయటి వైపు పట్టుకోకూడదు. రెండింటినీ వేళ్ల దగ్గర కొంచెం కొంచెం వదులు చేసుకుని, రెండూ ఒకేసారి జారవిడవండి. తీశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గ్లౌజులు వేళ్లు పైకి ఉండేలా కర్రలకు తగిలించి, నీడలో ఆరేయండి. ఎండలో పెడితే రబ్బరు పెళుసెక్కుతుంది. పొద్దున తొడిగే ముందు నీళ్లు నింపి, పైభాగం మెలిపెట్టి నొక్కండి. వేళ్ల సందుల్లో సూది మొనంత తడి కనిపించినా ఆ జత పని అయిపోయినట్టే. చిల్లు లేకపోయినా, చిక్కటి ఈసీ కలపడానికి వాడిన జతను ఐదారు పనిదినాలకు మించి వాడొద్దు. సీసా మొత్తం చేతిమీద ఒలికితే ఆ రోజే పారేయాలి. ఉబ్బినా, జిగురుగా ఉన్నా, గట్టిపడి పగిలినా, రంగు మారినా అంతే.

అయితే ఇదొక్కటే దారి అనుకోకండి.

ఇంకా గట్టి రక్షణ కావాలంటే పలు పొరల ప్లాస్టిక్ రేకుతో చేసే ల్యామినేట్ గ్లౌజులుంటాయి. జైలీన్‌ను, అసిటోన్‌ను, థిన్నర్‌ను కూడా గంటల తరబడి ఆపేవి అవే. ఖరీదు ఎక్కువ, చేతికి అమరవు, గరగరలాడతాయి, మొన తగిలితే చిరుగుతాయి. ముందు అవి వేసుకుని పైన నైట్రైల్ తొడిగితే పట్టు కుదురుతుంది. మీ చేతుల పగుళ్లు మానేదాకా, ఈ ఒక్క సీజనుకు, ఆ ఖర్చు పెట్టుకోవచ్చేమో ఆలోచించండి.

ఖర్చు లేని దారి మందును మార్చుకోవడం. అదే పురుగుకు సిఫారసు ఉన్న మందుల్లో ఎస్‌సీ, ఎస్‌జీ, డబ్ల్యూజీ రకాలుంటే వ్యవసాయ అధికారినో, కృషి విజ్ఞాన కేంద్రం (కేవీకే) శాస్త్రవేత్తనో అడిగి వాటికి మారండి. సాల్వెంటు బెడద చాలా తగ్గుతుంది. షాపతను తన దగ్గరున్న ఈసీనే అంటగట్టడానికి చూడొచ్చు, మీరు పేరుతో, అక్షరాలతో సహా అడగండి. పొడి మందుల్లో మాత్రం చేతి బదులు ముక్కుకు ముప్పు. పొట్లం చింపేటప్పుడు లేచే దుమ్ముకు మాస్క్ కావాలి.

మూడోది, కొన్నాళ్లు మీరు తప్పుకుని ఆ పని మీ ఆయన చేయడం. మీ చేతులు మానడానికి అది అవసరమేనని నా అభిప్రాయం, కనీసం నెల. కానీ ఉత్త చేత్తో చేస్తే మీ చేతుల కష్టం ఆయన చేతుల్లోకి మారుతుంది తప్ప ఇంట్లోంచి పోదు. ఆయనకు అప్పటికే కొట్టేటప్పుడు పడే మందు ఉంది, దానిమీద ఇది అదనం. ఎవరు కలిపినా గ్లౌజు, జగ్గు, కర్ర, బకెట్ మారకూడదు.

మీ మణికట్టు దద్దుర్ల గురించి వేరే అనుమానం కూడా ఉంది. ఆ దద్దుర్లు గ్లౌజు అంచు గీత దగ్గర గీసినట్టు ఆగిపోయాయా, లేక వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ ఎక్కువగా ఉన్నాయా? గ్లౌజు ఆకారంలోనే ఉంటే మందు కాదు, గ్లౌజే పడకపోయి ఉండొచ్చు. రబ్బరు గట్టిపడటానికి ఫ్యాక్టరీలో థైరమ్, కార్బమేట్ జాతి రసాయనాలు కలుపుతారు. వాటితో కొందరికి ఎలర్జీ వస్తుంది. మీ మాంకోజెబ్ కూడా ఆ కుటుంబంలోదే. ఒకదానికి ఒంటికి పడకపోతే రెండోది కూడా పడకపోవచ్చు. మీరు మాంకోజెబ్ కలిపిన రోజుల్లో దురద ఎక్కువైందేమో గుర్తు తెచ్చుకోండి. చర్మ డాక్టర్లు వీపు మీద చిన్న పట్టీలు అంటించి ప్యాచ్ టెస్ట్ చేస్తారు, దేనికి పడదో తేలుతుంది. నైట్రైల్ గ్లౌజుల్లోనూ ఆ రసాయనాలు ఉంటాయి. ఎలర్జీ అని తేలితే అవి కలపకుండా చేసిన రకం అడగాలి. ఇది తేలకుండా గ్లౌజు మీద గ్లౌజు మారుస్తూ పోతే మీ ఆయన మాటే మళ్లీ నిజమైనట్టు కనిపిస్తుంది.

లాంబ్డా కొట్టిన సాయంత్రం ముఖం చురచురలాడుతుందని రాశారు. అది ఎలర్జీ కాదు. ఆ జాతి మందులు చర్మంలోని నరాల కొసలను రేపుతాయి. గ్లౌజు చేత్తో చెమట తుడుచుకున్నప్పుడు అంటుతుంది. చెమట, ఎండ, వేడి నీళ్లు దాన్ని ఎక్కువ చేస్తాయి. చల్లటి నీళ్లు, సబ్బుతో కడగండి. సాధారణంగా ఒక రోజులో తగ్గుతుంది.

ఇక కూలీ అబ్బాయి. చెమటకు చేతులు ఉడికిపోతాయన్న అతని మాటలో అబద్ధం లేదు. పొద్దున్నే తొమ్మిది లోపు, మళ్లీ సాయంత్రం మాత్రమే కొట్టిస్తే సగం గొడవ తగ్గుతుంది. అతనికి తనదంటూ ఒక జత ఇవ్వండి, మీ ఆయన తీసిన తడి గ్లౌజులు ఇస్తే ఎవరూ తొడగరు. మిర్చి నడుము ఎత్తులో ఉంటుంది, చేతులు కిందికే ఉంటాయి కాబట్టి పొడుగు చేతుల చొక్కా అంచు గ్లౌజు బయట ఉండాలి, లేకపోతే కారిన మందు గ్లౌజులోకి దిగుతుంది. మామిడి చెట్లకు పైకెత్తి కొట్టేటప్పుడు దీనికి తిరగేసి: చొక్కా లోపల, గ్లౌజు బయట, గ్లౌజు అంచు కొంచెం మడిచి. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదడం కట్టిపెట్టించండి. అదనపు నాజిల్ ఒకటి, పాత పళ్ల బ్రష్ ఒకటి కవర్లో చుట్టి జేబులో ఉంచుకుంటే చాలు.

అతనికి ఇంకోటి చెప్పండి. పారాథియాన్ అనే పురుగుమందుతో మనుషుల మీద చేసిన పాత పరీక్షల్లో ముంజేతి చర్మం ఒక వంతు పీల్చుకుంటే, నుదురు నాలుగింతలు, వృషణాల చర్మం దాదాపు పన్నెండింతలు పీల్చుకుంది. మందు చేత్తో లుంగీ సర్దుకోవడం, మూత్రానికి వెళ్లడం ఎంత ప్రమాదమో దాన్నిబట్టి అర్థమవుతుంది. వీపున పంపు కారి చొక్కా తడిస్తే అది గ్లౌజుతో పోయేది కాదు, చొక్కా విప్పి కడుక్కోవాల్సిందే. 2017లో పక్కనే మహారాష్ట్ర యవత్మాల్‌లో ఏపుగా పెరిగిన పత్తిలో సరైన రక్షణ లేకుండా మందు కొట్టి ఇరవై మందికి పైగా చనిపోయారు. 1968 పురుగుమందుల చట్టం కింద 1971లో వచ్చిన నిబంధనలు మందు చేతపట్టే పనివాళ్లకు రక్షణ దుస్తులు ఉండాలనే చెబుతున్నాయి. కూలీ వద్దన్నాడు కదా అని మీ బాధ్యత తీరదు. గ్లౌజు వేసుకోనివాళ్లకు పంపు ఇవ్వమని చెబితే మనిషి దొరకడేమో అని మీకు భయం ఉంటుంది, అది నాకు తెలుస్తూనే ఉంది. ఒకరోజు కొట్టడం ఆలస్యమవుతుందేమో. అతనికి చెమట్లు పట్టి, నోట్లో చొంగ కారి, కళ్లు మసకబారి, కండరాలు అదిరితే మాత్రం ఆలస్యానికి వేళ ఉండదు. బట్టలు విప్పించి సబ్బుతో కడిగి 108కు ఫోన్ చేయండి, మందు సీసా వెంట పంపండి.

మీ అబ్బాయి థిన్నర్ ఇంకా మొండిది. అందులో టోలిన్, అసిటోన్ లాంటివి కలిపి ఉంటాయి. నైట్రైల్ అసిటోన్‌కు లొంగిపోతుంది. అసిటోన్‌ను ఆపే బ్యూటైల్ రబ్బరు టోలిన్‌కు లొంగిపోతుంది. ఒక్క రబ్బరు రెండింటినీ ఆపలేదు. గన్ను కడిగే పది నిమిషాలకు లోపల ల్యామినేట్, పైన నైట్రైల్ వేసుకోవడమే సరైనది. అంత పెట్టలేకపోతే మందపాటి నైట్రైల్ వేసుకుని, గన్నును గిన్నెలో ముంచి చేత్తో తిప్పకుండా పొడవు పిడి బ్రష్‌తో కడగాలి. థిన్నర్ పడితే ఆ క్షణమే జత మార్చాలి. కిరోసిన్‌తో కడిగే సామానుకైతే మందపాటి నైట్రైల్ బాగా ఆగుతుంది. పని అయ్యాక చేతులకంటిన రంగును థిన్నర్‌తో తుడుచుకుంటాడా అని అడగండి. పెయింటింగ్ చేసేవాళ్లలో పగుళ్లకు అది పెద్ద కారణం, చర్మంలోని జిడ్డునంతా లాగేస్తుంది. వంటనూనె రాసి గుడ్డతో తుడిచి, సబ్బుతో కడుక్కుంటే చాలావరకు రంగు వస్తుంది.

మీరూ, మీ ఆయనా ఒక రక్తపరీక్ష చేయించుకుంటే మంచిది. దాని పేరు కోలినెస్టరేజ్. ప్రొఫెనోఫాస్ జాతి మందులు దాన్ని తగ్గిస్తాయి. మనిషి మనిషికీ అంకె తేడాగా ఉంటుంది కాబట్టి సీజను మొదలయ్యే ముందు ఒకసారి చేయించి కాగితం దాచుకోండి. మధ్యలో మళ్లీ చేయిస్తే ఎంత పడిపోయిందో డాక్టరుకు తెలుస్తుంది. వెళ్లేటప్పుడు మాకు రాసినట్టే మందుల జాబితా ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

ఆ నారింజ గ్లౌజులు ఇంకా ఇంట్లో ఉంటే గిన్నెలకో, పశువుల దగ్గర పనికో పనికొస్తాయని దాచకండి. ఎవరూ మళ్లీ తొడక్కుండా వేళ్లు కత్తిరించి పారేయండి, ఖాళీ సీసాలతో పాటు, బావికీ పశువులకీ దూరంగా. పొయ్యిలో మాత్రం వేయొద్దు.